కొలను నిండితే ముందు లెక్క చూడండి



ఛందస్సూ, సంధిసమాసాలూ, పాఠభేదాలూ వదలి ఈయన డిస్కుల లెక్కలలో పడ్డాడేమిటని మీలో కొందరికి ఆశ్చర్యం కలుగవచ్చు. మీలో చాలామంది కంప్యూటరు వృత్తిలో ఉన్నవారే కాబట్టి నేను చెప్పబోయే సాంకేతిక విషయం మీకు క్రొత్త కాకపోవచ్చు కూడా. కాని మా గ్రంథాలయంలో ఈమధ్య జరిగిన ఒక సంఘటన నన్ను చాలా కలవరపెట్టింది. అందులో జరిగిన తప్పులో నా భాగమే ఎక్కువ. అందువల్ల దానిని ఉన్నదున్నట్లు చెప్పి, దానిమీద నా అభిప్రాయాన్ని మీ ముందుంచుతున్నాను.

అభిప్రాయం ముందే చెప్పేస్తాను. భద్రప్రతులను దాచే నిల్వలో చోటు చాలనప్పుడు మొదట చేయవలసిన పని చెరపడం కాదు, లెక్క చూడడం. లెక్క తేలిన తరువాత ఏది చెరపాలో నిర్ణయించేటప్పుడు డిస్కుల సంగతి తెలిసినవాడు ఒక్కడే సరిపోడు. ఆ డిస్కులలో ఉన్న వస్తువు విలువ తెలిసినవాడు కూడా పక్కన కూర్చోవాలి. ఈ రెండవ మాట మావంటి వాళ్లకు చురుక్కుమనేది. "అది పిల్లలు చూసుకుంటారులే" అని మనం తప్పుకుంటున్నాం.

ఇక విషయానికి వస్తాను.

మా ఊరి గ్రంథాలయంలో పాత ముద్రణలను స్కాన్ చేసి దాచే పని కొన్నేళ్లుగా సాగుతున్నది. శతకాలు, లఘుకావ్యాలు, ఆగిపోయిన పత్రికల సంపుటాలు, ఒకప్పటి వాచకాలు. కాగితం ముట్టుకుంటే పొడి రాలే స్థితిలో ఉన్నవి కొన్ని. స్కాన్ చేసిన తరువాత మళ్లీ తెరవడానికి వీలులేక గుడ్డలో చుట్టి పెట్టినవి మరికొన్ని. పుటకొక బొమ్మ చొప్పున, కుదింపు లేని టిఫ్ రూపంలో, పని చేసే కంప్యూటరులోని 4 టెరాబైట్ల డిస్కులో ఇవి ఉండేవి. ప్రతిరాత్రీ ఆర్‌సింక్ అనే ప్రోగ్రాము ఆ బొమ్మలను పక్కగదిలోని బ్యాకప్ సర్వరుతో సరిపోల్చి, క్రొత్తగా వచ్చినవాటిని అక్కడికి చేరుస్తుంది, ఇక్కడ తీసివేసినవాటిని అక్కడ కూడా తీసివేస్తుంది. ఆ సర్వరులో 4 టెరాబైట్ల డిస్కులు నాలుగు.

ఆ నాలుగు డిస్కులనూ కలిపి ఒకే నిల్వగా నడిపేది జెడ్‌ఎఫ్‌ఎస్ అనే వ్యవస్థ. సన్ మైక్రోసిస్టమ్స్ వారు 2005లో మూలంతో సహా బయటపెట్టిన ఈ వ్యవస్థ 2013 నుండి ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్ అనే పేరుతో ఎందరో కలిసి సాగించే పనిగా నడుస్తున్నది. డిస్కులన్నీ కలిసిన ఆ నిల్వను వాళ్లు 'పూల్' అంటారు. నేను కొలను అంటున్నాను. ఏ ఫైళ్లకు ఎంత చోటు అని ముందే గోడలు కట్టకుండా, అందరూ ఒకే నీటిని తోడుకొనే ఏర్పాటు కాబట్టి ఆ మాట బాగానే అమరింది.

ఈ వ్యవస్థలో మరొక విశేషం ఉన్నది. ఫైలును మార్చినప్పుడు అది పాత అక్షరాల మీద క్రొత్త అక్షరాలు వ్రాయదు. క్రొత్తవాటిని వేరే చోట వ్రాసి, పాతచోటు ఇక ఎవరికీ అక్కరలేకపోతే దానిని ఖాళీగా లెక్కిస్తుంది. మధ్యలో ఒక 'స్నాప్‌షాట్' తీసి ఉంటే ఆ పాతచోటు ఖాళీ కాదు. స్నాప్‌షాట్ అంటే ఆ క్షణంలో నిల్వ ఎట్లా ఉన్నదో పట్టి ఉంచిన రూపం. దీనిని ఛాయ అందాం. ఛాయ తీసినప్పుడు దాదాపు ఏ చోటూ ఖర్చు కాదు. తరువాత మనం మార్చినవీ, తీసివేసినవీ ఆ ఛాయ పేరన మిగిలిపోతూ ఉంటాయి కాబట్టి ఖర్చు అప్పుడు మొదలవుతుంది. మా సర్వరు ప్రతిరాత్రీ ఒక ఛాయ తీస్తుంది. 90 రోజులు దాటినదానిని తనంతట తానే తీసివేస్తుంది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. పని చేసే కంప్యూటరులో డిస్కు నిండవచ్చింది. 4 టెరాబైట్లు అని పెట్టెమీద వ్రాసి ఉన్నా కంప్యూటరు లెక్కలో అది 3.64 మాత్రమే. అందులో 3.4 బొమ్మలకే పోయింది. స్వచ్ఛందంగా వచ్చి ఈ పని చూసే యువకుడు "ఏం చేద్దాం మాస్టారూ?" అని అడిగితే "బొమ్మలు కాస్త చిన్నవి చెయ్యి నాయనా, చదవడానికి వస్తే చాలు" అన్నాను. అతడు శ్రద్ధ గలవాడు. వేరే డిస్కు మీద అన్నిటినీ జేపెగ్ రూపంలోకి కుదించి, అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూసి, ఒక ఆదివారం నాడు పాతవాటిని తీసివేసి వాటి స్థానంలో వీటిని పెట్టాడు. 3.4 టెరాబైట్లు 1.2కు దిగింది. అందరం సంతోషించాం.

40 రోజులు గడిచాయి. ఒక ఉదయం అతడు ఫోను చేసి, "బ్యాకప్ కొలను తొంభై శాతం దాటింది మాస్టారూ, ఏదో ఒకటి తీసివేయాలి" అన్నాడు. "పాతవేవో తీసెయ్యి నాయనా" అన్నాను. అన్నిటికన్నా పాత ఛాయలు పదకొండు తీసివేశాడు. మర్నాడు మళ్లీ ఫోను. "పదకొండు తీసేశానండీ, ఒక్క గిగాబైటు కూడా తిరిగి రాలేదు. నెల దాటినవన్నీ ఒకేసారి తీసేస్తాను, మీరు సరే అంటే."

సరే అనబోయాను. కాని ఒక ప్రశ్న అడ్డం వచ్చింది. మొన్ననే కదా బొమ్మలను మూడోవంతుకు తగ్గించాం? తగ్గించిన తరువాత బ్యాకప్ కూడా తగ్గాలి గదా, పెరగడమేమిటి? నాకు అడగడానికి తగిన సాంకేతిక పరిజ్ఞానం ఏమీ లేదు. ఇది కూడిక, తీసివేత తెలిసిన ఎవరైనా అడగగలిగిన ప్రశ్న. "రెండు రోజులు ఏమీ ముట్టుకోకు" అని చెప్పి, సర్వర్ల పనిలో ఉన్న మా మేనల్లుడికి ఫోను చేశాను.

వాడు మొదట చెప్పిన మాట: "మామయ్యా, ఏదీ తీసేయించకండి. ముందు ఏది ఎంత తింటోందో కాగితం మీద వ్రాయండి." రెండు సాయంత్రాలు ఫోనులో వాడు చెబుతూ ఉంటే, ఆ యువకుడు ఆజ్ఞలు కొడుతూ ఉంటే, నేను కాగితం మీద వ్రాశాను. ఆ లెక్కను వరుసగా చెబుతాను. ఇటువంటి నిల్వ నడిపేవాళ్లకు పనికివస్తుందని నా ఆశ.

మొదటి పద్దు: అసలు మన దగ్గర ఉన్నది ఎంత? నాలుగు నాలుగులు పదహారు అనుకొని కొన్నాం. తయారీదారులు వెయ్యి చొప్పున హెచ్చవేస్తారు, కంప్యూటరు 1024 చొప్పున లెక్కిస్తుంది. అందువల్ల 16 అన్నది 14.5 అయింది. కొలను మొత్తాన్ని చూపే 'జెడ్‌పూల్ లిస్ట్' అనే ఆజ్ఞ ఈ 14.5నే చూపుతుంది. కాని ఏ రెండు డిస్కులు చెడిపోయినా దత్తం పోకుండా ఉండేటట్లు అమర్చుకున్నాం కాబట్టి రెండు డిస్కులంత చోటు ఆ రక్షణకే పోతుంది. వ్యవస్థ తన అవసరానికి మరికొంత పక్కన పెట్టుకుంటుంది. చివరకు మనం వాడుకోగలిగింది సుమారు 7. ఫైళ్లకు ఎంత చోటున్నదో చెప్పే 'జెడ్‌ఎఫ్‌ఎస్ లిస్ట్' అనే రెండవ ఆజ్ఞ చూపేది ఈ అంకెను. రెండు ఆజ్ఞలూ రెండు అంకెలు చెబితే ఒకటి అబద్ధమని కంగారుపడనవసరం లేదు. ఒకటి స్థూలం, రెండవది నికరం.

రెండవ పద్దు: కనిపించే ఫైళ్లు ఎంత? కుదించిన బొమ్మలు 1.2, మిగిలిన పత్రాలు 0.3. మొత్తం 1.5. కాని ఖర్చయినట్లు చూపుతున్నది 6.4. ఈ తేడానే మా యువకుడిని తికమకపెట్టింది. ఫైళ్లను కొలిచే 'డీయూ' అనే ఆజ్ఞకు ఇప్పుడు కనిపించే ఫైళ్లే తెలుస్తాయి. ఛాయలు పట్టుకొని ఉన్నదీ, ఎవరికో కేటాయించి పెట్టినదీ దానికి తెలియదు.

మూడవ పద్దు: కేటాయింపు. 'జెడ్‌ఎఫ్‌ఎస్ లిస్ట్' ఆజ్ఞకే స్పేస్ అనే మాట చేర్చి అడిగితే ఖర్చును నాలుగు భాగాలుగా విడదీసి చూపుతుంది: ఛాయలకు ఎంత, ప్రస్తుత దత్తానికి ఎంత, ముందుగా కేటాయించి పెట్టినది ఎంత, లోపలి విభాగాలకు ఎంత. అందులో కేటాయింపు అన్న గడిలో 1.5 టెరాబైట్లు కనిపించింది. ఎవరికి? కొన్నేళ్ల క్రితం పుస్తకాల పట్టిక నడపడానికని ఒక మిథ్యాయంత్రాన్ని ఆ సర్వరులోనే అమర్చాలనుకొని, దానికోసం 1.5 టెరాబైట్ల డిస్కు వంటిదానిని సృష్టించారు. అట్లా సృష్టించినప్పుడు, వేరే విధంగా కోరకపోతే, ఆ చోటు మొత్తం దాని పేరన ముందే రిజర్వు అవుతుంది. అందులో వ్రాసింది కొద్ది గిగాబైట్లు మాత్రమే. ఆ ప్రయత్నం అప్పుడే ఆగిపోయింది. కాని రైలులో ఎవరూ రాని సీటుమీద చీటీ అంటించి ఉన్నట్లు, ఆ చోటు అట్లాగే పడి ఉన్నది.

నాలుగవ పద్దు: ఛాయలు. వీటి మొత్తం 3.4 టెరాబైట్లు. ఈ అంకె చూడగానే నాకు గుండె ఝల్లుమన్నది. 3.4 అంటే కుదించక ముందు మా బొమ్మల పరిమాణం. బొమ్మలను కుదించి పాతవి తీసివేసినప్పుడు, ఆ తీసివేత ఆర్‌సింక్ ద్వారా బ్యాకప్‌కూ చేరింది. పాత టిఫ్‌లు అక్కడ కనిపించకుండా పోయాయి కాని ఛాయలలో మిగిలి ఉన్నాయి. అంటే చోటు మిగల్చడానికి మేము చేసిన పని పని చేసే కంప్యూటరులో 2.2 మిగిల్చి, బ్యాకప్ కొలనులో 1.2 అదనంగా ఖర్చు చేసింది. కొలను నిండడానికి కారణం మా పొదుపే.

మరి పదకొండు ఛాయలు తీసివేస్తే చోటు ఎందుకు రాలేదు? ఒక్కొక్క ఛాయకు ఎదురుగా చూపే ఖర్చు దానికి మాత్రమే ప్రత్యేకమైన దత్తం. రెండు మూడు ఛాయలు కలిసి పట్టుకొని ఉన్నదానిని అది ఏ ఒక్కదాని ఖాతాలోనూ వ్రాయదు. మా టిఫ్‌లను కుదింపుకు ముందు తీసిన 50 ఛాయలూ కలిసి పట్టుకొని ఉన్నాయి. ఒక్కొక్క దానికి ఎదురుగా చూస్తే కొద్ది మెగాబైట్లే. పదకొండు పోయినా మిగిలిన 39 ఆ టిఫ్‌లను విడవలేదు. ఒకదాని తరువాత ఒకటిగా తీస్తూ పోతే 38 తీసినా ఏమీ రాదు. చివరి ఛాయ తీసిన క్షణంలో మాత్రం 3.4 టెరాబైట్లు ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. ఆ ఖాళీని చూసి మేము "హమ్మయ్య" అనుకొని ఉండేవాళ్లం. ఆ ఖాళీ ఏమిటంటే మా మూలప్రతులు.

మరొక్కసారి లెక్క వేసుకోండి. కుదింపు జరిగి 40 రోజులు. నెల దాటిన ఛాయలన్నీ తీసివేస్తానన్నాడు ఆ యువకుడు. టిఫ్‌లను పట్టుకొని ఉన్న ఛాయలన్నీ నెల దాటినవే. నేను సరే అని ఉంటే అన్నీ ఆ పూటే పోయేవి. మేము ఏమీ చేయకుండా ఊరుకొని ఉన్నా, 90 రోజుల నియమం ప్రకారం మరో 50 రోజులలో అవి తమంతట తామే పోయేవి. హెచ్చరిక కూడా వచ్చేది కాదు. నియమం తన పని తాను చేసి ఉండేది.

"జేపెగ్‌లు ఉన్నాయి కదా, చదవడానికి వస్తున్నాయి కదా" అని మీరు అనవచ్చు. నేనూ అదే అన్నాను కదా ఆనాడు! ఈ లెక్క తేలిన తరువాత రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. అరిగిపోయిన అచ్చులో అరసున్న ఎంత ఉంటుందో మీకు తెలుసు. కుదించిన బొమ్మలో కొన్నిచోట్ల అది మరకలో కలిసిపోయింది. ఏడు అంటే సంఖ్య, ఏఁడు అంటే సంవత్సరం. ఆ చిన్న గుర్తు పోతే అర్థం పోతుంది. ద, ధల భేదం ఒక చిన్న గీత. ప, వల భేదం పైన ఉన్న సందు. కథ చదువుకొనేవారికి ఇవి లెక్కలోకి రావు. పాఠం పరిష్కరించేవారికి ఇవే సర్వస్వం. "చదవడానికి వస్తే చాలు" అన్న నా మాట ఒక పాఠకుడి మాట. ఆ చోట నేను పరిష్కర్తలా ఆలోచించి ఉండవలసింది. నలభై ఏళ్లు పిల్లల వ్రాతలో అరసున్నలు దిద్దినవాడిని, వాటిని పోగొట్టే ఆజ్ఞ నేనే ఇచ్చాను.

తరువాత చేసిన పని సులువే. ముందు 39 ఛాయలలో ఒకదానికి 'హోల్డ్' అనే తాళం వేయించాడు మా మేనల్లుడు. ఆ తాళం తీయనంతవరకు దానిని ఎవరూ, ఏ నియమమూ తీసివేయలేదు. టిఫ్‌లన్నీ ఆ ఒక్కదానిలోనే ఉన్నాయి కాబట్టి ఒక్కటి నిలిస్తే చాలు. తరువాత మిథ్యాయంత్రం పేరన ఉన్న కేటాయింపును రద్దు చేశాం. ఒక్క అక్షరం చెరపకుండా 1.5 టెరాబైట్లు తిరిగి వచ్చింది. ఖాళీ 0.6 ఉన్నది 2.1 అయింది. ఆపైన ఒక క్రొత్త డిస్కు కొని, ఛాయలో ఉన్న టిఫ్‌లను దానిమీదికి ఎక్కించి, తెరిచి సరిచూసి, గ్రంథాలయానికి దూరంగా ఒక సభ్యుని ఇంటిలో పెట్టాం. ఇదంతా అయ్యాకనే పాత ఛాయలలో అక్కరలేనివి తీశాం. తీసే ముందు ప్రతిసారీ ఆ ఆజ్ఞను ఉత్తుత్తిగా నడిపి చూశాం. ఈ ఛాయనుండి ఆ ఛాయవరకు తీస్తే ఎంత చోటు వస్తుందో, ఏమీ తీయకుండానే అది చెబుతుంది. ఇన్ని మెగాబైట్లే రావలసినచోట టెరాబైట్లు వస్తాయని చెబితే, అక్కడ ఏదో ముఖ్యమైనది ఉన్నదని అర్థం. ఎక్కువ చోటు వస్తుందని సంతోషించకుండా అక్కడ ఆగాలి.

ఇంతవరకు కథ. ఇక దీనినుండి నాకు కలిగిన అభిప్రాయాలు.

మొదటిది. నిల్వ నిండడం ఒక లక్షణం, రోగం వేరే ఉంటుంది. మాకు ఉన్న రోగాలు రెండు: ఎవరూ వాడని కేటాయింపు ఒకటి, మూలప్రతులకు ప్రత్యేక స్థానం లేకపోవడం మరొకటి. రెండింటిలో దేనికీ చెరపడం మందు కాదు. మేము చెరపడానికి సిద్ధపడ్డది మాత్రం అన్నిటికన్నా విలువైన భాగాన్ని. ఇది యాదృచ్ఛికం కాదు. నిల్వలో ఎక్కువ చోటు ఆక్రమించేవి మూలప్రతులే, పాతవిగా కనిపించేవీ అవే. పెద్దవీ పాతవీ ముందు తీయమనే నియమం వాటి మీదనే పడుతుంది.

రెండవది. చోటు కోసం చెరిపే పని అన్ని పనులలోకీ ప్రమాదకరమైనది. 2021 డిసెంబరులో జపానులోని క్యోటో విశ్వవిద్యాలయంలో జరిగినది మీలో కొందరికి గుర్తుండవచ్చు. అక్కడి సూపర్ కంప్యూటరు నిల్వకు బ్యాకప్ తీసే ప్రోగ్రాములో, పది రోజులు దాటిన చిట్టాఫైళ్లను తీసివేసే భాగం ఒకటి ఉన్నది. ఆ ప్రోగ్రాము నడుస్తూ ఉండగానే దానిని సవరించిన ప్రతిని పైన పెట్టారు. సగం పాతది, సగం క్రొత్తది నడిచి, ఏ చోటిని శుభ్రం చేయాలో చెప్పే పేరు ఖాళీ అయిపోయింది. చిట్టాఫైళ్లకు బదులు పరిశోధకుల ఫైళ్లు పోయాయి. 77 టెరాబైట్లు, సుమారు 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు. 14 పరిశోధక బృందాలకు నష్టం కలిగింది. అందులో 4 బృందాల ఫైళ్లను తిరిగి తేవడం సాధ్యం కాలేదు. ఆ వ్యవస్థను సమకూర్చిన సంస్థ బాధ్యత ఒప్పుకున్నది. అక్కడ ఉన్నవారు మావంటి అభ్యాసకులు కారు. అయినా ఊడ్చే చీపురు ఎటు తిరిగిందో రెండు రోజులపాటు తెలియలేదు.

మూడవది. ఇది మన వృత్తికి క్రొత్త సమస్య కాదు. ఇంట్లో చోటు లేదని, చదివేవారు లేరని తాటాకు గ్రంథాలను ఏటిలో కలిపిన కథలు మన ఇళ్లలో విన్నాం. కలిపినవారు దుర్మార్గులు కారు. ఇల్లు సర్దుకున్నారు, అంతే. ఆ కట్టలో ఏమున్నదో చెప్పగలిగినవాడు ఆ పూట అక్కడ లేడు. బ్రౌను దొర కడపలో పండితులను చేర్చుకొని, ఒక్కొక్క గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, సరిపోల్చి, శుద్ధప్రతులు వ్రాయించాడు. శుద్ధప్రతి వచ్చింది కదా అని మాతృకలు అక్కరలేదనుకుంటే, రేపు ఆ శుద్ధప్రతిలో సందేహం వస్తే చూడడానికి ఏముంటుంది? జేపెగ్ అయినా అంతే. అది ఒక ఉపయోగప్రతి. మాతృక వేరు.

ఇక ఆక్షేపణలు. "డిస్కులు చవక, ఇంకొకటి కొని పడేయండి" అంటారు కొందరు. మేమూ చివరకు కొన్నాం. కాని లెక్క చూడకుండా ముందే కొని ఉంటే ఆ 1.5 కేటాయింపు అట్లాగే ఉండేది, 90 రోజుల నియమం టిఫ్‌లను అట్లాగే మింగేది, మాకు చోటు పుష్కలంగా ఉన్నదన్న ధైర్యం మాత్రం మిగిలేది. చోటు చాలకపోవడమే మాకు ఉపకారం చేసింది.

"పండితులు దేనినీ వదలరు, అన్నీ దాచాలంటారు" అంటారు మరికొందరు. నేను అట్లా అనడం లేదు. చెరపవలసినవి ఉంటాయి. రెండుసార్లు స్కాన్ అయిన పుటలు, మధ్యలో చెడిన ప్రయత్నాలు, ఎవరికీ అక్కరలేని నకళ్లు మేమూ తీసివేశాం. పరిష్కర్త కూడా పాఠాలన్నిటినీ మూలంలో పెట్టడు. ఒకదానిని గ్రహిస్తాడు, మిగిలినవాటిని అధోజ్ఞాపికలో చూపుతాడు, కొన్నిటిని త్యజిస్తాడు. కాని త్యజించే ముందు చదువుతాడు. నేను అడుగుతున్నది అంతే.

"ఛాయలు ఉన్నాయి కదా, ఇంకా బ్యాకప్ ఎందుకు?" అనేవారు కూడా ఉన్నారు. ఛాయ ఆ డిస్కులలోనే ఉంటుంది. డిస్కులు పోతే ఛాయలూ పోతాయి. మా టిఫ్‌లు 40 రోజులపాటు ఒక్క కొలనులో, రోజుకు ఒకటి చొప్పున తరుగుతున్న ఛాయలలో, ఎవరికీ తెలియకుండా బ్రతికాయి. దానిని భద్రత అనలేము. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అని చెప్పే 3-2-1 సూత్రం ఉన్నది. మాతృకల విషయంలో దానికి తక్కువ కాకూడదు.

ఆ యువకుడిని గురించి ఒక మాట. జరిగినది తెలిసిన తరువాత అతడు చాలా నొచ్చుకున్నాడు. "నేనే పోగొట్టేవాడిని మాస్టారూ" అన్నాడు. అతడికి డిస్కు గురించి చెప్పినవారు ఉన్నారు, అందులో ఏమున్నదో చెప్పినవారు లేరు. ఏది మాతృక, ఏది ఉపయోగప్రతి, ఏది ఎన్నాళ్లు ఉండాలి అని ఒక కాగితం ముక్క మీద వ్రాసి గోడకు అంటించి ఉంటే అతడు అడిగేవాడే కాదు, ఆ ఫోల్డరును ముట్టుకొనేవాడే కాదు. ఆ కాగితం వ్రాయవలసినది నేను. ఇప్పుడు వ్రాశాను. మాతృకలు ఇప్పుడు వేరే విభాగంలో ఉన్నాయి. వాటిని పని చేసే కంప్యూటరునుండి తీసివేసినా బ్యాకప్‌లో పోవు. వాటి ఛాయలకు గడువు లేదు. కేటాయింపులు ఎవరికి, ఎందుకు, ఏ తేదీన ఇచ్చామో ఒక పుస్తకంలో ఉన్నది. మూడు నెలలకొకసారి ఇద్దరం కూర్చుని చూస్తాం: అతడు అంకెలు చదువుతాడు, నేను వాటికి ఎదురుగా పేర్లు వ్రాస్తాను.

చివరగా మనందరికీ సంబంధించిన మాట. అంతర్జాలంలో ఉచితంగా దొరికిన చోటులో వ్రాసుకున్నవాళ్లం మనం. జియోసిటీస్ 2009 అక్టోబరు 26న మూతపడింది. యాహూ గ్రూపులు 2020 డిసెంబరు 15న మూతపడ్డాయి. ఆ గ్రూపులలో తెలుగు పద్యాల మీద, భాష మీద జరిగిన చర్చలు మీలో చాలామందికి గుర్తే. వాటి ప్రతులు ఎవరి డిస్కులలో ఉన్నాయో వారి డిస్కులలోనే ఉన్నాయి. ఆ డిస్కులలో కొన్ని ఈపాటికి నిండవచ్చి ఉంటాయి. "ఈ 2006 నాటి ఫోల్డరు ఏమిటి, తీసేద్దామా?" అని ఇంట్లో పిల్లలు అడిగే రోజు వచ్చి ఉంటుంది.

ఆ ప్రశ్నకు "తీసెయ్యి నాయనా" అని వెంటనే చెప్పకండి. ఒక సాయంత్రం పక్కన కూర్చుని, ఏది ఎంత ఆక్రమించిందో, అది ఏమిటో, మరెక్కడైనా ఉన్నదో లేదో వ్రాసుకోండి. తరువాత తీయవలసినవి తీయండి. మీ దగ్గర ఆ కాలపు చర్చల ప్రతులు ఉంటే, అవి ఏ సంవత్సరానివో, ఏ రూపంలో ఉన్నాయో దయచేసి వ్యాఖ్యలో తెలపండి. ఎవరి దగ్గర ఏమున్నదో తెలిస్తే, ఒక్కరి దగ్గరే మిగిలినదానికి రెండవ ప్రతి తయారు చేసుకోవచ్చు. సాంకేతిక విషయంలో నేను పొరబడిన చోటు ఉంటే మీలో తెలిసినవారు సరిదిద్దగలరు. సంతోషంగా స్వీకరిస్తాను.

స్వస్తి.